వణుకు మాత్ర ఎలా వేయాలి? అన్నం తిన్నాక మాత్రం కాదు

మందు ఏదైనా "తిన్నాక వేసుకో" అనడం మన నల్గొండ, పాలమూరు ఇళ్లలో అలవాటు. ఒళ్లు వణికించి, కదలికలను నెమ్మదింపజేసే మెదడు జబ్బు పార్కిన్సన్స్‌కు తొలి దశ నుంచే రాసే లెవోడోపా–కార్బిడోపా మాత్రను చెడగొట్టేది ఆ అలవాటే. మా నాన్నకు ఈ మందు ఏళ్లుగా నేనే వేస్తున్నాను. మందు పనిచేయడం లేదని ఎవరైనా అంటే ముందుగా ఏ వేళకు వేస్తున్నారని అడుగుతాను.

ఫోనులో అలారం, ఒక నోటు పుస్తకం, గ్లాసు మంచినీళ్లు చాలు. మోతాదు న్యూరాలజిస్టు చెప్పినంతే. అలారం మోగగానే నీళ్లతో మింగించండి. పాలతో వద్దు.

అసలు పని ఆ తర్వాతే. కనీసం అరగంట ఏమీ పెట్టకండి. పప్పు, గుడ్డు, పెరుగు, మాంసంలోని ప్రొటీన్ జీర్ణమై అమైనో ఆమ్లాలవుతుంది. పేగు నుంచి రక్తంలోకి, రక్తం నుంచి మెదడులోకి లెవోడోపా వెళ్లే దారిలోనే అవీ వెళతాయి. పప్పన్నం ముందు చేరితే మాత్ర వెనకబడుతుంది. అప్పటికే తినేసి ఉంటే గంటైనా ఆగి వేయండి. ఐరన్ మాత్రకూ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి. అలాగని ప్రొటీన్ మాన్పించవద్దు, పెద్దవాళ్లకు కండ కరిగిపోతుంది. మందు ప్రభావంలో హెచ్చుతగ్గులు ఉన్నవారికి పప్పు, గుడ్డు ఎక్కువగా రాత్రి భోజనంలో పెట్టమంటారు.

మొదట్లో కడుపులో తిప్పితే మాత్రతో పాటు చిన్న జొన్నరొట్టె ముక్క, ఉత్తదే, ఇవ్వండి. వాంతులకని మెటోక్లోప్రమైడ్ మాత్రం కొనకండి. కదలికలను నడిపే మెదడు రసాయనం డోపమైన్; లెవోడోపా మారేది దానిగానే. మెటోక్లోప్రమైడ్ దాన్ని అడ్డుకుని వణుకు పెంచుతుంది. డాక్టరును అడిగితే వేరే మందు రాస్తారు.

మాత్ర వేసిన వేళ, వణుకు తగ్గిన వేళ పుస్తకంలో రాయండి. బిగుసుకుపోవడం, నెమ్మదితనం బాగా తగ్గినా కొందరిలో వణుకు మొండిగా ఉంటుంది. దానికి ట్రైహెక్సీఫెనిడిల్ అనే మరో మందు కూడా రాస్తారు. వయసు మళ్లినవారిలో అది మతిమరుపు, మలబద్ధకం, మూత్రం బిగింపు తెస్తుంది, అందుకే పెద్దలకు రాస్తే తప్పక ప్రశ్నించండి.

సప్లిమెంట్ల మీద డబ్బు పెట్టవద్దు. విటమిన్ ఇ వ్యాధిని ఆపలేదని 1993లో, కోఎంజైమ్ క్యూ10 రోజుకు 2400 మిల్లీగ్రాములిచ్చినా ఫలితం లేదని 2014లో పరీక్షలు తేల్చాయి. దూలగొండి గింజల్లో లెవోడోపా నిజంగానే ఉంది, భయం కూడా అందుకే. పొడిలో ఎంత ఉందో తెలియకుండా మాత్రకు తోడుగా ఇస్తే మోతాదు మించి బీపీ పడిపోవచ్చు. ఇస్తున్నట్లయితే డాక్టరుకు చెప్పండి.

మాత్రలు అయిపోకముందే తెచ్చుకోండి. ఈ మందు ఒక్కసారిగా ఆపితే తీవ్ర జ్వరం, ఒళ్లు బిగుసుకుపోవడం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.