40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో తడి చెత్తను ఎరువు చేయడం ఎలా

అపార్ట్‌మెంట్లలో కంపోస్టింగ్ చాలాసార్లు తొట్లు కొనడంతో మొదలై, చెత్త కలగలిసి రావడంతో ఆగిపోతుంది. పది పాల ప్యాకెట్ ముక్కలు, రెండు డైపర్లు పడిన తొట్టిని కూర్చుని ఏరమని ఎవరికీ చెప్పలేం, చెప్పకూడదు కూడా. అందుకే మొదటి మూడు వారాలు తొట్టి ఊసు వద్దు. పనంతా వంటింట్లోనే ఉంది.

2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు వచ్చినప్పటి నుంచి చెత్త వేరుచేసి ఇవ్వడం ప్రతి ఇంటి బాధ్యత. ఇంటికి రెండు బుట్టలు, ఒక సంచి చాలు. ఒక బుట్ట తడి చెత్తకు, ఇంకొకటి శానిటరీ ప్యాడ్లు, డైపర్లు, కట్లు, ఊడ్చిన దుమ్ము, జుట్టు లాంటి వాటికి. సంచి పొడి చెత్తకు. పొడి చెత్త వారానికి రెండుసార్లు తీస్తే సరిపోతుంది, మిగతావి రోజూ తీయాలి. కాలం తీరిన మందులు, బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు కింద ఒక డబ్బాలో విడిగా పోగుచేసి మునిసిపాలిటీ వాళ్లకు అప్పగించాలి.

తడి బుట్టలో ప్లాస్టిక్ కవర్ వేయనివ్వకండి. అన్నిటికంటే ఎక్కువ గొడవ ఇక్కడే వస్తుంది. బుట్ట అడుగున మడిచిన న్యూస్ పేపర్ వేసి, చారు, సాంబారు లాంటివి చిల్లుల గిన్నెలో వడకట్టి పిప్పి మాత్రమే వేస్తే బుట్ట కంపు కొట్టదు. పాల ప్యాకెట్ మూల కత్తిరించేటప్పుడు ఆ ముక్కను పూర్తిగా తెంపకుండా ప్యాకెట్‌కే వేలాడనివ్వాలి. వేలి గోరంత ఉండే ఆ ముక్క కూరగాయల తొక్కల్లో కలిసిందంటే ఇక దొరకదు, చివరికి ఎరువులో తేలుతుంది. కడిగి ఆరబెట్టిన ప్యాకెట్లను పాత సామాన్లవాళ్లు తీసుకుంటారు, పాలు పులిసినవి తీసుకోరు. ప్యాడ్లను పేపర్‌లో చుట్టి పైన ఎర్ర స్కెచ్‌పెన్‌తో గుర్తు పెడితే, చెత్త తీసేవాళ్లు తెలియక విప్పే అవసరం రాదు.

చెప్పాల్సింది ఇంటి యజమానులకే కాదు. చాలా ఇళ్లలో బుట్టలు నింపేది పనిచేయడానికి వచ్చేవాళ్లు. వాళ్లను కూర్చోబెట్టి, అసలు చెత్తనే ముందు పెట్టి ఒకసారి చూపించండి. ఆ మూడు వారాలూ పొద్దున్నే అసోసియేషన్ వాళ్లలో ఒకరు వాచ్‌మన్‌తో కలిసి ప్రతి గుమ్మం ముందూ బుట్ట చూడాలి. కలిసిపోయి ఉంటే తీసుకోకుండా, కారణం చెప్పి అక్కడే వదిలేయాలి. తీసుకెళ్లి కింద వేరుచేస్తే మర్నాడూ అలాగే వస్తుంది. జరిమానా కంటే ఇది బాగా పనిచేస్తుంది.

ఇక తొట్లు. ఇంటికి రోజుకు అర కిలో నుంచి ముప్పావు కిలో తడి చెత్త వస్తుంది. 40 ఇళ్లకు 25 కిలోలు అనుకోండి, అంటే 20 లీటర్ల బకెట్లు సుమారు మూడు. 3 అడుగుల పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తు ఉన్న తొట్లు నాలుగు కావాలి. ఇటుకల మధ్య సందులు వదిలి కట్టించండి, గాలి ఆడాలి. ముందు వైపు గోడకు బదులు తీసి పెట్టుకునే పలకలు ఉంటే పారతో తిప్పడం తేలిక. సందులకు లోపలి నుంచి పావు అంగుళం కన్నాల ఇనుప జాలీ, పైన జాలీ మూత, దానిపైన వాన పడకుండా రేకు. సంపుకు, బోరుకు దూరంగా, నీడలో ఉండాలి. అడుగు కాస్త వాలుగా ఉంచి, ఊట నీరు ఒక బకెట్‌లోకి దిగేలా చూడండి.

తొట్టి అడుగున అర అడుగు మందాన ఎండు పుల్లలు, కొబ్బరి పీచు పరవండి. మొదటి రోజు 2 కిలోల పేడను 10 లీటర్ల నీళ్లలో కలిపి చల్లితే చాలు, రోజూ ఏ పొడీ కొననక్కర్లేదు. ఆపై ప్రతి రోజూ ఒక బకెట్ తడి చెత్తకు ఒక బకెట్ ఎండుటాకులు. ఆకులు లేకపోతే మూడు బకెట్లకు ఒక బకెట్ కొబ్బరి పొట్టు. ములక్కాడలు, అరటి కాడలు, క్యాబేజీ మొదళ్లు రెండంగుళాల ముక్కలుగా నరికి వేయండి. చెత్త ఎప్పుడూ పైకి కనిపించకూడదు, ఆఖరి పొర ఆకులదే. కొబ్బరి బొండాలు, చిప్పలు, మామిడి టెంకలు, ఎముకలు వేయొద్దు.

మూడు నాలుగు రోజులకొకసారి కిందిది పైకి వచ్చేలా తిప్పాలి. ఇనుప చువ్వ మధ్యలో గుచ్చి పది నిమిషాల తర్వాత తీస్తే చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉండాలి. 55 డిగ్రీలు దాటితేనే కలుపు గింజలు, రోగక్రిములు చస్తాయి. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రాలడం సరైన తేమ. ధారగా కారితే నీళ్లెక్కువ, చేతికి తడే అంటకపోతే తక్కువ. చెత్త కుంగుతూ ఉంటుంది కాబట్టి ఒక్కో తొట్టి నిండడానికి సుమారు 15 రోజులు పడుతుంది. నాలుగోది నిండేసరికి మొదటిది మూసి 45 రోజులవుతుంది, దాన్ని తీసి జల్లించవచ్చు.

కుళ్లిన గుడ్డు వాసన వస్తే లోపల గాలి లేదు, నీళ్లు ఎక్కువయ్యాయి. ఆ పూటే తిప్పి ఆకులు కలపండి. ముక్కుకు ఘాటుగా అమ్మోనియా కొడితే ఆకులు తక్కువయ్యాయి. తెల్ల పురుగులు చూసి కమిటీలు తొట్లు మూయించేస్తుంటాయి, కానీ అవి చెత్తను తినేవే, హాని చేయవు. పొడి ఆకులు రెండంగుళాలు కప్పి వేడి పెరగనిస్తే తగ్గుతాయి. ఏప్రిల్, మే నెలల్లో కుప్ప లోపల ఎండిపోయి పని ఆగిపోతుంది. అప్పుడు తిప్పుతూ నీళ్లు చిలకరించాలి, పుల్ల మజ్జిగైనా పరవాలేదు. వినాయక చవితి పత్రి మంచి సరుకు, దారాలు, థర్మకోల్, మెరుపు కాగితాలు తీసేశాకే వేయాలి.

24 గంటల్లో ఎరువు ఇస్తుందని అమ్మే కరెంటు యంత్రాలు చెత్తను నలిపి, వేడితో ఆరబెడతాయి. అది ఎరువు కాదు, తడి తగలగానే మళ్లీ కుళ్లుతుంది, మొక్కకు వేస్తే వేరు దెబ్బతింటుంది. దాన్నీ కొన్ని వారాలు మాగబెట్టాల్సిందే. ఆ డబ్బు తొట్లను చూసుకునే మనిషికి జీతం, గ్లౌజులు, బూట్లకు పెట్టడం మేలు. ఈ పని వాచ్‌మన్ నెత్తిన ఉచితంగా రుద్దితే రెండో నెలలోనే ఆగిపోతుంది.

జల్లించిన ఎరువులో గుప్పెడు మెంతులు చల్లి చూడండి. నాలుగైదు రోజుల్లో బాగా మొలిస్తే మాగినట్టే. మొలవకపోతే ఇంకో రెండు వారాలు ఆరుబయట నీడలో ఉంచాలి. కుండీలకు మూడు వంతుల మట్టికి ఒక వంతు కలపండి. ఆకుల సంగతి మాత్రం ముందే చూసుకోవాలి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వేప, కానుగ చెట్లు విపరీతంగా ఆకు రాలుస్తాయి. వీధి ఊడ్చేవాళ్లతో మాట్లాడి వాటిని కాల్చనివ్వకుండా గోనె సంచుల్లో తొక్కి నింపి పెట్టుకోండి. 40 ఇళ్లకు నెలకు దాదాపు 15 సంచులు ఖర్చవుతాయి.