పాత జియాన్ సర్వర్, కొత్త ల్యాప్‌టాప్: రెండింటికీ 14 కోర్లే, మరి ఏది ఎక్కడ ఎందుకు స్లో?

సెకండ్ హ్యాండ్ సర్వర్లు, వర్క్‌స్టేషన్లు ఇప్పుడు చవగ్గా దొరుకుతున్నాయి కాబట్టి చాలామంది ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్ జియాన్ ఈ5-2680 వీ4 ఉన్న డబ్బా ఒకటి తెచ్చుకుని, పక్కన కోర్ ఐ7-12700హెచ్ ల్యాప్‌టాప్ పెట్టుకుని, "రెండింటికీ 14 కోర్లే కదా, పైగా ఇది సర్వర్ ప్రాసెసర్, మరి ఇలా ఈడుస్తోందేంటి" అని అడుగుతుంటారు. కోర్ అంటే చిప్‌లో విడిగా పనిచేసే ఒక్కో భాగం. ఈ రెండు చిప్‌లనే ఉదాహరణగా పెట్టుకుని రాస్తున్నా. మీ దగ్గర వేరే మోడల్ ఉంటే అంకెలు మారతాయి, వెతికే పద్ధతి ఇదే.

సమస్య: సర్వర్‌కి 28 థ్రెడ్లున్నా (ఒక్కో కోర్ ఒకేసారి నడిపే రెండేసి పనుల వరుసలు) ఎక్సెల్, బ్రౌజర్, చిన్న స్క్రిప్టులు అన్నీ ల్యాప్‌టాప్‌లోనే వేగంగా నడుస్తున్నాయి

ముందు టాస్క్ మేనేజర్‌లో సీపీయూ గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్లు విడివిడిగా కనిపించేలా పెట్టండి, లైనక్స్ అయితే టాప్ కమాండ్ ఇచ్చి 1 నొక్కండి. ఒక్క థ్రెడ్ 100 శాతంలో ఉండి మిగతావన్నీ ఖాళీగా కూర్చుంటే విషయం తేలిపోయినట్టే.

కారణం: ఆ పని ఒకే కోర్ మీద నడిచే పని. ఈ జియాన్ 2016 నాటిది, టర్బోలో (కాసేపు పెరిగే గరిష్ఠ వేగంలో) 3.3 గిగాహెర్ట్జ్ దాటదు, అదీ ఒకటి రెండు కోర్లే పనిచేస్తున్నప్పుడు. కోర్లు పెరిగే కొద్దీ కిందికి దిగుతుంది. 2022లో వచ్చిన ఐ7 4.7 దాకా వెళ్తుంది, పైగా ఒక్కో గిగాహెర్ట్జ్‌కి అది చేసే పని కూడా ఎక్కువ. అందుకే తేడా గిగాహెర్ట్జ్ అంకెల్లో కనిపించే దానికంటే పెద్దగా ఉంటుంది.

పరిష్కారం: పనిని ముక్కలు చేయగలిగితే చేయండి. కంపైల్ (కోడ్‌ని ప్రోగ్రాంగా మార్చడం) అయితే మేక్ అనే బిల్డ్ టూల్‌కి ఎన్ని పనులు ఒకేసారి నడపాలో జె ఆప్షన్‌తో చెప్పాలి, చెప్పకపోతే ఒక్కొక్కటే చేస్తుంది (నింజా అనే ఇంకో బిల్డ్ టూల్ అయితే తనంతట తనే అన్ని కోర్లూ వాడుకుంటుంది). పైథాన్‌లో మామూలు థ్రెడ్లు లెక్కల పనికి పెద్దగా ఉపయోగపడవు, పనిని వేర్వేరు ప్రాసెస్‌లుగా నడిపే మల్టీప్రాసెసింగ్ వాడండి.

అయితే దీనికీ ఒక హద్దుంది. 10 నిమిషాల పనిలో 2 నిమిషాలు ఒకదాని తర్వాత ఒకటిగా మాత్రమే జరిగేదైతే, మిగతా 8 నిమిషాలను 14 కోర్లకి సమానంగా పంచినా మొత్తం రెండున్నర నిమిషాల పైనే పడుతుంది, కోర్లను 28 చేసినా ఇంకో 20 సెకన్లు కూడా తగ్గదు. అమ్డాల్ సూత్రం చెప్పేది ఇదే. పని ముక్కలు కాకపోతే సర్వర్‌తో కుస్తీ పట్టకుండా దాన్ని ల్యాప్‌టాప్‌లోనే చేసుకోండి, అందులో తప్పేమీ లేదు.

సమస్య: లోడ్ ఇచ్చినా సర్వర్ క్లాక్ 1.2 గిగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోయింది

ఇది ప్రాసెసర్ తప్పు కాదు, సెట్టింగే. డేటా సెంటర్‌లో కరెంటు ఆదా కోసం పెట్టిన పవర్ ప్రొఫైల్ బయాస్‌లో (మెషిన్ ఆన్ చేయగానే తెరుచుకునే సెట్టింగుల్లో) అలాగే ఉండిపోయి ఉంటుంది. దాన్ని మ్యాగ్జిమమ్ పెర్ఫార్మెన్స్‌కో, ఓఎస్ కంట్రోల్‌కో మార్చండి. తర్వాత లైనక్స్‌లో సీపీయూపవర్ టూల్‌తో గవర్నర్‌ని (క్లాక్ వేగాన్ని నిర్ణయించే సెట్టింగ్‌ని) పెర్ఫార్మెన్స్‌లో పెట్టండి, విండోస్‌లో పవర్ ప్లాన్ మార్చండి. అప్పటికీ కదలకపోతే హీట్‌సింక్ సరిగ్గా కూర్చుందో లేదో, రెండు పవర్ సప్లైలు ఉండాల్సిన మెషిన్‌లో ఒక్కటే పెట్టి నడుపుతున్నారేమో చూడండి. కొన్ని సర్వర్లు అలాంటప్పుడు వాటంతట అవే వేగం తగ్గించుకుంటాయి.

సమస్య: డేటాబేస్, పెద్ద డేటా ఫైళ్ల పనిలో సర్వర్ అనుకున్నంత లాగడం లేదు

నా లెక్కలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఈ జియాన్‌కి మెమరీ ఛానెళ్లు (ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య దారులు) నాలుగు. డీడీఆర్4-2400 స్టిక్ ఒక్కో ఛానెల్‌లో ఇచ్చేది సెకనుకి 19.2 గిగాబైట్లు, నాలుగూ నిండితే 76.8. అమ్మేవాడు 32 జీబీ స్టిక్ ఒక్కటే పెట్టి ఇస్తే, మీరు దాని మెమరీ వేగంలో పావు వంతుతోనే బండి నడుపుతున్నట్టే. ల్యాప్‌టాప్‌లో రెండు డీడీఆర్5-4800 స్టిక్కులుంటే అక్కడా అవే 76.8 గిగాబైట్లు వస్తాయి! అంటే ఆరేళ్ల ముందు సర్వర్‌కి ఉన్న మెమరీ వేగం ల్యాప్‌టాప్‌కి రెండు స్టిక్కుల్లోనే వచ్చేసింది. కాబట్టి ఈ విషయంలో సర్వర్ కదా అని ఊరికే గెలవదు, నాలుగూ నింపితే సమానంగా నిలబడుతుంది.

ఏం చేయాలంటే, ఒకే రకం స్టిక్కులు నాలుగు కొని, బోర్డు మాన్యువల్ చూసి ఒక్కో ఛానెల్‌లో ఒకటి పెట్టండి. ఊహించి పెట్టకండి, పక్కపక్క స్లాట్లు ఒకే ఛానెల్‌వి కావచ్చు. ఈ సర్వర్లలో సాధారణంగా ఉండేది రిజిస్టర్డ్ ఈసీసీ ర్యామ్ (పొరపాట్లు సరిదిద్దుకునే సర్వర్ ర్యామ్), దాంతో మామూలు డెస్క్‌టాప్ ర్యామ్ కలిపితే మెషిన్ బూట్ కూడా కాదు.

రెండు ప్రాసెసర్లున్న బోర్డయితే ఇంకో మెలిక ఉంది. సగం ర్యామ్ ఒకదానిది, సగం ఇంకోదానిది, అవతలి ర్యామ్‌లో డేటా కావాలంటే మధ్యలో ఉన్న లింకు దాటి రావాలి. ఎల్ఎస్‌సీపీయూ కమాండ్ రెండు న్యూమా నోడ్లు (ఒక్కో ప్రాసెసర్, దాని సొంత ర్యామ్ కలిపి ఒక నోడ్) చూపిస్తే ఆ పనిని న్యూమాసీటీఎల్ అనే టూల్‌తో ఒక నోడ్‌కి కట్టేసి నడిపి చూడండి.

ర్యామ్ ఎంత పడుతుందన్న లెక్కలో మాత్రం పోటీయే లేదు. ఐ7 గరిష్ఠంగా 64 జీబీ తీసుకుంటుంది, జియాన్ టెరాబైట్ దాటి తీసుకుంటుంది. 64 జీబీకి మించిన డేటాని మెమరీలో పెట్టాల్సిన పనికి ల్యాప్‌టాప్ ఎంత కొత్తదైనా డిస్క్‌కి స్వాప్ చేస్తూ చతికిలపడుతుంది.

సమస్య: ల్యాప్‌టాప్ మొదట దూసుకెళ్తుంది, కాసేపటికే చల్లబడిపోతుంది

చల్లబడేది వేగం, మెషిన్ కాదు, అదే గొడవ. ఈ చిప్‌కి బేస్ పవర్ 45 వాట్లు, కాసేపు మాత్రం 115 దాకా లాగొచ్చు. ఆ కాసేపు అయ్యాక, లేదా ఉష్ణోగ్రత 100 డిగ్రీల హద్దు తాకగానే, క్లాక్ తగ్గించుకుంటుంది. బెంచ్‌మార్క్ తొందరగా అయిపోతుంది కాబట్టి స్కోరు బ్రహ్మాండంగా కనిపిస్తుంది, రెండు గంటల రెండర్ పెట్టినప్పుడు అసలు బొమ్మ బయటపడుతుంది. సర్వర్ చిప్ తన 120 వాట్లకి తగ్గ హీట్‌సింక్, ఫ్యాన్లతో రాత్రంతా ఒకే వేగంతో నడుస్తుంది. పోల్చేటప్పుడు కనీసం అరగంట లోడ్ ఇచ్చి పోల్చండి.

హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే టూల్‌లో ప్యాకేజ్ పవర్ (చిప్ మొత్తం లాగే పవర్), థర్మల్ థ్రాట్లింగ్ (వేడికి వేగం తగ్గించుకోవడం) రెండూ చూడండి. పవర్ 45 దగ్గర పడి ఉష్ణోగ్రత మామూలుగా ఉంటే అది పవర్ లిమిట్: చార్జర్ పెట్టండి (తక్కువ వాట్ల టైప్-సీ చార్జర్ కాదు, దాంతో వచ్చిందే), పెర్ఫార్మెన్స్ మోడ్ ఆన్ చేయండి. ఉష్ణోగ్రత హద్దు తాకుతుంటే ఫ్యాన్ దుమ్ము తీయించి, థర్మల్ పేస్ట్ మార్పించి, వెనక భాగం కాస్త ఎత్తులో పెట్టండి. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో గదే 40 డిగ్రీలుంటే ఫ్యాన్ పీల్చేది కూడా ఆ వేడి గాలినే, కూలింగ్ ప్యాడ్ ఒక్కటే పెట్టి అద్భుతాలు ఆశించకండి.

సమస్య: ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మెషిన్ (కంప్యూటర్ లోపల నడిపే ఇంకో కంప్యూటర్) ఒక్కోసారి వేగంగా, ఒక్కోసారి మరీ నెమ్మదిగా

దాని 14 కోర్లూ ఒకటి కాదు. 6 పెద్దవి, 8 చిన్నవి. పెద్దవాటికి మాత్రమే రెండేసి థ్రెడ్లు, అందుకే మొత్తం 20. విండో మినిమైజ్ చేస్తే మీ పని చిన్న కోర్ల మీదికి జారిపోవచ్చు. విండోస్ 11లో ఈ పంపకం 10 కంటే మెరుగు. లైనక్స్‌లో టాస్క్‌సెట్ కమాండ్‌తో దాన్ని 0 నుంచి 11 వరకు ఉన్న థ్రెడ్లకి కట్టేయండి, ఈ చిప్‌లో పెద్ద కోర్లవి అవే. జియాన్‌లో ఈ తలనొప్పి లేదు, అన్నీ ఒకే రకం.

సమస్య: వీడియో ట్రాన్స్‌కోడ్ (ఫార్మాట్ మార్చడం) పెడితే సర్వర్ 100 శాతం, అయినా బఫరింగ్

ఈ జియాన్‌లో గ్రాఫిక్సే లేదు, కాబట్టి క్విక్ సింక్ (వీడియో పని చేసే ఇంటెల్ హార్డ్‌వేర్) కూడా లేదు, మొత్తం పని కోర్లే మోయాలి. ఐ7లో దానికి విడిగా హార్డ్‌వేర్ ఉంది. సర్వర్‌లో ఎన్‌వీఎన్‌సీ (ఎన్‌వీడియా వీడియో ఎన్‌కోడర్) ఉన్న చిన్న ఎన్‌వీడియా కార్డు ఒకటి పెట్టండి. ఇంటి మీడియా సర్వర్‌కి మాత్రమే అయితే, నన్నడిగితే ఈ డబ్బా కొనడమే వద్దు. 24 గంటలూ 100 వాట్లు లాగినా నెలకి 72 యూనిట్లు, చవగ్గా కొన్నది బిల్లులో కనిపిస్తుంది.

సమస్య: ల్యాప్‌టాప్‌లో కంపైల్ చేసిన ప్రోగ్రాం సర్వర్‌లో "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అని చచ్చిపోతోంది

కంపైలర్‌కి మార్చ్ నేటివ్ (ఈ మెషిన్ చిప్‌కి తగ్గట్టే కోడ్ తయారు చేయమనే) ఆప్షన్ ఇచ్చి ఉంటారు. దాంతో కొత్త చిప్‌లో ఉన్న ఇన్‌స్ట్రక్షన్లు (ఏవీఎక్స్-వీఎన్ఎన్ఐ లాంటివి) కోడ్‌లోకి వచ్చేస్తాయి, 2016 చిప్‌కి అవి తెలియవు. నేటివ్ బదులు ఎక్స్86-64-వీ3 అని ఇవ్వండి, ఏవీఎక్స్2 అనే ఇన్‌స్ట్రక్షన్ల సెట్ దాకా రెండింట్లోనూ ఉంది కాబట్టి వేగం పెద్దగా పోదు. పైథాన్ ఎన్విరాన్‌మెంట్ అయితే ఫోల్డర్ కాపీ చేయకుండా సర్వర్ మీదే మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి.