ముందు ఫోన్ పక్క గదిలో పెట్టండి
ఒంగోలు ట్రంకు రోడ్డు లాంటి రద్దీ చోట ఇల్లున్నా సరే, తెల్లారుజామున 15 నిమిషాలు దేవుని మాట వినడానికి దొరుకుతాయి. బైబిల్ కాగితానిదే తెరవండి, యాప్‌లో అయితే వాట్సాప్ లాగేస్తుంది. ముందు ఆ రోజు పనులు చీటీ మీద రాసేయండి: పాల బాకీ, పిల్లల ఫీజు. రాయకపోతే ప్రార్థన మధ్యలో అవే గుర్తొస్తాయి. తర్వాత 1 రాజులు 19:9-13, ఏలీయా ప్రవక్త గుహ దగ్గర దేవుని మెల్లని స్వరం విన్న భాగం, రెండుసార్లు పైకి చదివి, 5 నిమిషాలు ఏమీ అడక్కుండా కూర్చోండి. చాలామందికి కుదరనిది ఇదే, అడగడంతోనే టైమంతా అయిపోతుంది. మంచం మీద కూర్చుంటే మాత్రం నిద్రే!

తట్టిన మొదటి ఆలోచనే దేవుని మాట అనుకోవద్దు. బైబిల్ వాక్యానికి విరుద్ధంగా ఉంటే అక్కడే వదిలేయండి. పొలం అమ్మకం, పెళ్లి సంబంధం లాంటివైతే వారం ఆగి, సంఘ పెద్దలతో మాట్లాడాకే అడుగేయండి.