వ్యాపారంలో వృథాను లెక్కగట్టి తగ్గించడం ఎలా?

వృథా తగ్గించాలి అనుకోగానే చాలామంది రంగురంగుల డబ్బాలు కొనేస్తారు. ఏం పోతోందో, ఎందుకు పోతోందో తెలియకుండా డబ్బాలు పెడితే చెత్త సర్దినట్టవుతుంది గానీ తగ్గదు.

తూకం మిషన్, టార్పాలిన్, మందపాటి గ్లౌజులు, మాస్కు, ఒక నోటుబుక్కు చాలు. నోటుబుక్కే, ఫోన్ వద్దు. మురికి గ్లౌజులతో ఫోన్ ముట్టుకోలేక ‘తర్వాత రాద్దాంలే’ అంటారు, ఇక రాయరు.

సెలవులు, స్టాక్ లెక్కింపు లేని మామూలు వారం చూసుకుని, ప్రతి షిఫ్టు చివర డబ్బాలు టార్పాలిన్ మీద పోసి, రకాలవారీగా విడదీసి తూచండి. బ్యాటరీలు, రసాయనాలు, పగిలిన గాజు మాత్రం అందులో కలపకూడదు. తడి చెత్తకు ముందే వేరే డబ్బా పెట్టండి, తడిసిన అట్టపెట్టె బరువు లెక్కనూ చెడగొడుతుంది, రీసైక్లింగ్‌కీ పనికిరాదు.

ఇక అందరూ పాడుచేసేది కారణం రాసే దగ్గరే. ‘కాగితం, 6 కిలోలు’ అని రాసి ఊరుకుంటే ఏమీ తేలదు. ఉదాహరణకు లేబుళ్లు కుప్పగా కనిపించాయనుకోండి. ఎందుకు? పొద్దున ప్రింటర్ అలైన్‌మెంట్ కుదిరేదాకా వచ్చినవన్నీ పారేస్తున్నారు. ఎందుకు కుదరట్లేదు? రాత్రి షిఫ్టువాళ్లు వేరే సైజు రోల్ వేసి సెట్టింగ్ మారుస్తున్నారు. రెండు సెట్టింగులూ కాగితం మీద రాసి మిషన్‌కి అంటిస్తే పని అయిపోయింది, కొత్త మిషన్ అక్కర్లేదు. జపాన్ కార్ల కంపెనీ టొయోటాలో ఇంజినీర్ తైచీ ఓనో పట్టుబట్టి నేర్పింది కూడా ఇదే, ‘ఎందుకు’ అని ఐదుసార్లు అడగమని.

అడిగేది మేనేజర్‌ని కాదు, ఆ పని చేసే మనిషిని, ఊడ్చే మనిషిని. ‘ఎవరు పారేశారు?’ అని మాత్రం అడగొద్దు. అలా అడిగితే మర్నాటి నుంచి చెత్త మీ డబ్బాలోకి రాదు, ఇంకెక్కడికో పోతుంది, మీ లెక్కంతా అబద్ధమవుతుంది.

తర్వాత ప్రతి రకానికీ కొన్న ధర వేయండి. చెత్త ఎత్తేవాళ్ల బిల్లు చూసి నష్టం ఇంతే అనుకునే పద్ధతి నాకసలు నచ్చదు. సరుకు కొన్న డబ్బు, దానిమీద పెట్టిన కూలి, కరెంటు ఆ బిల్లులో ఎక్కడుంటాయి?

ఎక్కువ డబ్బు పోతున్న రెండింటిని పట్టుకోండి. అసలు పుట్టకుండా చేయగలమా అని మొదట చూడాలి, ఆ తర్వాత మళ్లీ వాడటం, అన్నిటికన్నా చివర రీసైక్లింగ్. ఒకసారికి ఒక్క మార్పే చేయండి, లేకపోతే దేనివల్ల తగ్గిందో తెలీదు. మళ్లీ అలాంటి మామూలు వారమే తూచి, తయారైన సరుకుతో పోల్చండి. పని సగానికి పడిపోయిన వారంలో చెత్త తగ్గితే అది తగ్గినట్టు కాదు.