వాలిన రెప్పను ఎత్తించుకునే ముందు

పోయిన నెలలో యాభై ఏళ్లు దాటిన ఒక ఉపాధ్యాయురాలు నేను పనిచేసే కంటి ఆసుపత్రికి వచ్చారు. ఎడమ కంటి రెప్ప వారం క్రితం వాలిందని, సౌందర్య చికిత్సలు చేసేచోట చూపిస్తే ఆపరేషన్‌కు తేదీ కూడా ఇచ్చారని, ఈలోగా కళ్లద్దాల పవర్ ఒకసారి చూపించుకుందామని వచ్చానని చెప్పారు. చూపు పరీక్షించడానికి ఆ రెప్పను వేలితో పైకెత్తాను. కనుగుడ్డు బయటివైపుకు, కాస్త కిందికి తిరిగి ఉంది. కంటిపాప రెండో కంటిలో కంటే పెద్దదిగా ఉంది, టార్చి వెలుగు వేసినా ముడుచుకోలేదు. తలనొప్పి ఉందా అని అడిగితే, ఆ కంటి వెనకనుంచే వస్తోందని, మాత్రలతో నెట్టుకొస్తున్నానని అన్నారు. మా డాక్టరు ఆమెను అప్పటికప్పుడు మెదడు రక్తనాళాల స్కానింగ్‌కు పంపారు. ఒక రక్తనాళం బుడగలా ఉబ్బి, కంటిని కదిలించే మూడో నరాన్ని నొక్కుతోందని తేలింది. అది పగలకముందే చికిత్స అందింది కాబట్టి ఆమె బతికారు. రెప్ప ఆపరేషన్‌కు ఇచ్చిన తేదీకి అప్పటికింకా నాలుగు రోజులుంది.

రెప్పల విషయంలో మనుషులను ముంచే తప్పు ఒకటే నేను పదేపదే చూశాను. రెప్ప ఎందుకు వాలిందో తెలుసుకోకుండా దాన్ని ఎత్తించుకోవడమే ఆ తప్పు. మంచి సర్జన్‌ను వెతుక్కోవడం, ఖర్చు కనుక్కోవడం, విశ్రాంతి ఎన్నాళ్లో అడగడం అందరూ చేస్తారు. కారణం అడిగేవారు తక్కువ.

పై రెప్పను ఎత్తేది ముఖ్యంగా లెవేటర్ అనే కండరం. మెదడునుంచి వచ్చే మూడో నరం దాన్ని నడిపిస్తుంది. దాని వెనకనే ఉండే ముల్లర్ అనే చిన్న కండరం మరో 2 మిల్లీమీటర్ల మేర రెప్పను పైకి లాగి ఉంచుతుంది. దానికి వచ్చే నరాల దారి వేరు, అవి ఛాతీ పైభాగంనుంచి మెడ గుండా కంటికి చేరతాయి. కాబట్టి దోషం కండరంలో ఉండవచ్చు, కండరాన్ని రెప్పకు అతికించే పలుచని పొరలో ఉండవచ్చు, నరం కండరాన్ని తాకేచోట ఉండవచ్చు, మెడలోనో మెదడులోనో కూడా ఉండవచ్చు. బయటికి కనిపించేది మాత్రం ఎప్పుడూ వాలిన రెప్పే. పెద్దవారిలో ఎక్కువగా కనిపించేది ఆ పలుచని పొర వయసుతో సాగిపోవడం. ఏళ్ల తరబడి గట్టి కాంటాక్ట్ లెన్సులు వాడినవారిలో, కళ్లు బాగా నలుపుకునే అలవాటున్నవారిలో, శుక్లాల ఆపరేషన్ తరువాత కొందరిలో కూడా ఇది వస్తుంది. ఇలాంటి రెప్ప నెలల మీద, ఏళ్ల మీద నెమ్మదిగా జారుతుంది, కంటిపాప మామూలుగానే ఉంటుంది. కొందరిలో అసలు రెప్ప అంచు వాలనే వాలదు, పైనున్న చర్మం వదులై మడతగా దానిమీదికి వేలాడుతుంది. దానికి చేసే ఆపరేషన్ పూర్తిగా వేరు.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది మరొక కేసు. ఒక యువకుడికి వేరేచోట రెండుసార్లు రెప్ప ఆపరేషన్ చేశారు, రెండుసార్లూ రెప్ప మళ్లీ జారింది. మా దగ్గర కూర్చున్నప్పుడు అతను అన్న మాట ఒక్కటే: "పొద్దున బాగానే ఉంటుందండీ, సాయంత్రమయ్యేసరికి వాలిపోతుంది." డాక్టరు ఒక రబ్బరు గ్లౌజులో మంచుముక్కలు నింపి, మూసిన రెప్పమీద రెండు నిమిషాలు ఆనించి తీశారు. కంటిపాపను సగం కప్పిన రెప్ప మా కళ్లముందే లేచి నిలబడింది, రెండు మూడు నిమిషాలకు మళ్లీ మెల్లగా దిగిపోయింది. అది మయస్తీనియా గ్రేవిస్ అనే జబ్బు. నరంనుంచి కండరానికి సంకేతం సరిగా అందకుండా శరీరంలోని రక్షణ వ్యవస్థే అడ్డుపడుతుంది. దానికి చికిత్స మందులతో మొదలుకావాలి. అతనికి అప్పటికే రెప్పను బిగించేశారు కాబట్టి నిద్రలో కన్ను పూర్తిగా మూతపడేది కాదు, నల్లగుడ్డు ఎండి పుండు పడింది. ఆ కంటి చూపు పూర్తిగా తిరిగి రాలేదు. ఎందుకు వాలిందని మొదటిరోజే ఎవరైనా అడిగి ఉంటే ఆ కన్ను నిలిచేది.

కారణం తేలి, ఆపరేషనే దారి అని డాక్టరు చెప్పాక, ఏ ఆపరేషన్ అన్నది ముఖ్యంగా ఒక కొలతమీద ఆధారపడుతుంది. కనుబొమను వేలితో నొక్కిపట్టి, కిందికి చూసి పైకి చూడమన్నప్పుడు రెప్ప ఎన్ని మిల్లీమీటర్లు కదులుతుందో స్కేలుతో కొలుస్తారు. కదలిక బాగా ఉంటే లెవేటర్ కండరాన్ని ముందుకు తెచ్చి బిగిస్తారు లేదా కొంత కుదిస్తారు. రెప్ప కొద్దిగానే వాలి, ముల్లర్ కండరాన్ని ప్రేరేపించే ఫినైలెఫ్రిన్ చుక్కలు వేసినప్పుడు లేస్తే, చర్మం కోయకుండా రెప్ప లోపలివైపునుంచి ముల్లర్ కండరాన్ని కుదించవచ్చు. కదలిక 4 మిల్లీమీటర్లు లేదా అంతకంటే తక్కువైతే, సాధారణంగా రెప్పను నుదుటి కండరానికి సిలికాన్ దారంతోనో, తొడనుంచి తీసిన పట్టీతోనో వేలాడదీస్తారు. అప్పటినుంచి మనిషి కనుబొమ ఎత్తి కన్ను తెరుస్తాడు. తాత్కాలికంగా రెప్పను కొంత లేపే ఆక్సీమెటాజోలిన్ కంటిచుక్కలకు 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. అవి కారణాన్ని నయం చేయవు. ప్రమాదకరమైన కారణాన్ని కనిపించకుండా చేసే అవకాశం ఉంది కాబట్టి పరీక్షకు ముందు వాటిని వాడకూడదు.

పిల్లల సంగతి వేరు. పుట్టుకతో వాలిన రెప్ప కంటిపాపను కప్పితే మెదడు ఆ కంటితో చూడడం నేర్చుకోదు, నేర్చుకునే ఆ చిన్న వయసు దాటాక రెప్పను ఎంత చక్కగా ఎత్తినా చూపు రాదు. పెద్దయ్యాక చేయిద్దామనే మాట ఆ పిల్లల విషయంలో పనికిరాదు. బిడ్డ గడ్డం పైకెత్తి చూస్తుంటే వెంటనే కంటి డాక్టరుకు చూపించండి.

ఇక ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు చేయవలసినవి చెబుతాను. పదేళ్లనాటి ఫోటోలు తీసుకెళ్లండి, రెప్ప ఎప్పుడు మొదలై ఎలా జారిందో అవే చెబుతాయి. రెప్ప అకస్మాత్తుగా వాలితే ఆపరేషన్ మాట ఎత్తవద్దు, అదేరోజు ఎమర్జెన్సీకి వెళ్లండి. రెండేసి కనిపిస్తున్నా, కంటిపాపలు రెండూ సమానంగా లేకపోయినా, తలనొప్పి ఉన్నా ఇంకా త్వరపడండి. రెప్ప వాలిన వైపు కంటిపాప చిన్నదై మెడనొప్పి కూడా ఉంటే మెడలోని రక్తనాళం చీలి ఉండవచ్చు, అదీ ఎమర్జెన్సీయే. పాముకాటు తరువాత రెప్పలు బరువెక్కితే విషం నరాలకు ఎక్కినట్టు, ఊపిరి ఆడే కండరాల వంతు తరువాతిదే. పొద్దునకూ సాయంత్రానికీ తేడా ఉంటే అడగకపోయినా డాక్టరుకు చెప్పండి. మింగడం కష్టమైనా చెప్పండి. ముఖానికి బొటాక్స్ చేయించుకుని ఉంటే దాచవద్దు. కళ్లు పొడిబారతాయా, నిద్రలో కన్ను తెరిచి ఉంటుందా, కనుక్కుని చెప్పండి. కళ్లద్దాలు మానడానికి చేసే లేజర్ చికిత్స లేసిక్ చేయించుకుని ఆరు నెలలు కాకపోతే ఆ సంగతీ చెప్పండి. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే చెప్పండి, మీ అంతట మీరు ఆపవద్దు. రెప్ప పట్టుకుని చూడకుండా, కంటిపాప మీద వెలుగు వేయకుండా, ముందు తేదీ ఇచ్చేచోట ఉండవద్దు. "నా రెప్ప ఎందుకు వాలింది?" అని అడగండి. వయసు అంటే, వయసేనని ఎలా తేల్చారో అడగండి. ఒక కన్ను ఎత్తాక రెండోది జారవచ్చు, ముందే పరీక్షించమనండి. రెండు రెప్పలూ అచ్చంగా ఒకే ఎత్తుకు రాకపోవచ్చు, మరోసారి సరిచేయవలసి రావచ్చు. కాగితంమీద సంతకం చేసే ముందే ఈ విషయం మాట్లాడుకోండి. ఆపరేషన్ తరువాత తల ఎత్తుగా పెట్టుకుని పడుకోండి. వంగి బరువులు ఎత్తవద్దు. కన్ను నలపవద్దు. రాత్రి పెట్టమన్న ఆయింట్‌మెంట్ మానవద్దు. కంటి వెనక నొప్పి పెరుగుతూ, కన్ను ముందుకు ఉబ్బుతూ, చూపు మసకబారితే లోపల రక్తం చేరుతోందని అర్థం. నొప్పి మాత్ర వేసుకుని తెల్లవారేదాకా ఆగవద్దు, ఆ గంటలోనే ఆసుపత్రికి చేరండి.