తాత్కాలిక సామర్థ్యం, 4వ పాఠం: ప్రాసెసర్లు వచ్చాయి, పార్టిషన్‌కు అందలేదు

గత పాఠం చూసి ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లో ఆన్/ఆఫ్ రికార్డును (అదనపు ప్రాసెసర్ శక్తిని కొన్నాళ్లకు తెచ్చుకునే అనుమతి) యాక్టివేట్ చేసినవారిలో చాలామంది ఒకటే రాశారు: హెచ్‌ఎంసీ (యంత్రాన్ని నిర్వహించే కన్సోల్) తెర మీద అంతా సజావుగా ముగిసింది, నెలాఖరు బ్యాచ్ మాత్రం ఎప్పటిలాగే నత్తనడక నడిచింది. గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్ చేసే ఒక పాఠకురాలు రికార్డే పాడైందేమోనని దాన్ని తీసేసి మళ్లీ వేశారు. దయచేసి అలా చేయకండి. రికార్డు బాగానే ఉంది. ఈ చిక్కు విప్పకుండా సీబీయూ (విపత్తు వేళ వాడే బ్యాకప్ సామర్థ్యం) లోకి వెళ్లడం అనవసరం కాబట్టి దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను.

బ్రౌజర్‌లో హెచ్‌ఎంసీ తెరిచి, యంత్రాన్ని ఎంచుకుని, పెర్ఫార్మ్ మోడల్ కన్వర్షన్‌లోకి వెళ్లడం మీకు వచ్చిన పనే. అక్కడ మీరు చేసిన మార్పు యంత్రం స్థాయిలో జరుగుతుంది. లోపల అప్పటికే ఉండి వాడకంలో లేని ప్రాసెసర్లు వాడకానికి వస్తాయి. వాటిని ఏ పార్టిషన్ (యంత్రంలో విడిగా నడిచే ఒక భాగం) తీసుకోవాలన్నది ఆ తెర నిర్ణయించదు.

ముందు మీరు ఏ మార్పు చేశారో చూడండి. మోడల్ సంఖ్యలో మొదటి అంకె వేగం స్థాయి, చివరి రెండు ప్రాసెసర్ల సంఖ్య. 504 నుంచి 604కు వెళ్లి ఉంటే ప్రాసెసర్ల సంఖ్య నాలుగే, వేగం మాత్రమే పెరిగింది. పార్టిషన్‌లో నడిచే ఆపరేటింగ్ సిస్టం జెడ్/ఓఎస్‌లో మీరు ఏ కమాండూ ఇవ్వనక్కర లేదు, కొత్త ప్రాసెసర్ కోసం వెతకనూ అక్కర లేదు. 504 నుంచి 506కు వెళ్లి ఉంటే వేగం అదే, ప్రాసెసర్లు రెండు పెరిగాయి. మీ ఉత్తరాలన్నీ ఈ రెండో రకం గురించే. నన్నడిగితే, చిన్న పార్టిషన్లు ఎక్కువగా ఉన్న యంత్రంలో నేను మొదటి రకాన్నే ఎంచుకుంటాను. చేయాల్సిన పని తక్కువ, తప్పు జరిగే చోట్లూ తక్కువ.

ఇక అసలు ఉచ్చు. పార్టిషన్ ఇమేజ్ ప్రొఫైల్‌లో (దాన్ని యాక్టివేట్ చేసేటప్పుడు వాడే సెట్టింగుల్లో) ప్రాసెసర్ పేజీ తెరిస్తే ఇనిషియల్ (మొదట ఇచ్చేవి), రిజర్వ్‌డ్ (తర్వాత తెచ్చుకోగలిగేవి) అని రెండు గడులు కనిపిస్తాయి. ఇనిషియల్‌లో 4 రాసి, రిజర్వ్‌డ్‌లో 0 వదిలేశారనుకోండి. ఆ పార్టిషన్ లేచేటప్పుడే తనకు నాలుగు లాజికల్ ప్రాసెసర్లే ఉంటాయని లెక్క కట్టుకుంటుంది. తర్వాత మీరు యంత్రానికి రెండు కాదు, పది చేర్చినా దానికి అయిదోది ఉండదు. డి ఎం=సీపీయూ కమాండ్ ఇచ్చి చూడండి. 0 నుంచి 3 వరకు ప్లస్ గుర్తుతో కనిపించి, 4, 5 వరుసలే లేకపోతే మీ రోగం ఇదే. ఆ వరుసలు మైనస్ గుర్తుతో ఉంటే రిజర్వ్‌డ్ ఉంది, ఆన్‌లైన్‌కు తేవడమే మిగిలింది: సీఎఫ్ సీపీ(4-5),ఆన్‌లైన్.

వరుసలే లేనివారు ప్రొఫైల్‌లో రిజర్వ్‌డ్‌ను 2గా మార్చి, సేవ్ చేసి, మళ్లీ నాకు రాశారు: 'అయినా రాలేదు' అని. రాదు. ప్రొఫైల్‌లో మార్పు పార్టిషన్‌ను మళ్లీ యాక్టివేట్ చేసినప్పుడే అమలవుతుంది. నెలాఖరు రాత్రి ప్రొడక్షన్‌ను (అసలు పని నడిచే పార్టిషన్‌ను) దించి లేపడానికి ఏ మేనేజరూ ఒప్పుకోడు. అందుకే హెచ్‌ఎంసీలో లాజికల్ ప్రాసెసర్ యాడ్ అనే పని ఉంది. నడుస్తున్న పార్టిషన్‌కే రిజర్వ్‌డ్ సంఖ్యను పెంచుతుంది. తర్వాత సీఎఫ్ కమాండ్ ఇవ్వండి. ప్రొఫైల్‌లోనూ సేవ్ చేయండి, లేకపోతే వచ్చే యాక్టివేషన్‌లో పాత సంఖ్యే తిరిగి వస్తుంది. ప్రతి ప్రొడక్షన్ పార్టిషన్‌కూ, అవసరం రాకముందే, రిజర్వ్‌డ్ ఇచ్చి ఉంచాలి. దానికి పైసా ఖర్చు లేదు. సున్నా వదిలేసిన ప్రొఫైల్ చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అమీర్‌పేట కోచింగ్ నోట్సుల్లో జేసీఎల్, సీఐసీఎస్ పేజీలకు పేజీలు ఉంటాయి కానీ, ఈ గడి గురించి ఒక్క వాక్యం కూడా నాకు కనపడలేదు.

ఆన్‌లైన్‌కు వచ్చినా వేగం పెరగకపోతే క్యాపింగ్ (వాడకంపై పెట్టిన పరిమితి) చూడండి. డిఫైన్డ్ కెపాసిటీ పెట్టి ఉంటే నాలుగు గంటల వాడకపు సగటు ఆ పరిమితి దాటగానే పార్టిషన్‌ను డబ్ల్యూఎల్‌ఎం (జెడ్/ఓఎస్‌లో పనుల ప్రాధాన్యం చూసే భాగం) అదుపు చేస్తుంది. ప్రాసెసర్లు ఎన్ని ఉన్నా అంతే. వెయిట్ (పార్టిషన్ల మధ్య శక్తిని పంచే వాటా) కూడా చూడండి. మీరు చేర్చిన శక్తిని పక్క టెస్ట్ పార్టిషన్ తినేస్తూ ఉండవచ్చు. జావా పని జిప్ (జావా వంటి పనులకు వేరుగా ఉండే ప్రాసెసర్) కోసం కాచుకుని ఉంటే సీపీలు (సాధారణ ప్రాసెసర్లు) పెంచడం వృథా, జిప్‌ను విడిగా చేర్చాలి.

తీసేటప్పుడు క్రమం తిరగబడుతుంది. ముందు పార్టిషన్‌లో సీఎఫ్ సీపీ(4-5),ఆఫ్‌లైన్, ఆ తర్వాతే హెచ్‌ఎంసీలో డీయాక్టివేట్. డెడికేటెడ్‌గా (ఒకే పార్టిషన్‌కు సొంతంగా) ఇచ్చిన ప్రాసెసర్‌ను యంత్రం తనంతట తాను లాక్కోదు. ఆన్/ఆఫ్ బిల్లు 24 గంటల లెక్కన పడుతుంది కాబట్టి ఇక్కడ బద్ధకిస్తే డబ్బు పోతుంది. నేను యాక్టివేట్ చేసిన వెంటనే కస్టమైజ్ షెడ్యూల్డ్ ఆపరేషన్స్‌లో తొలగింపు సమయం కూడా పెట్టేస్తాను. ఆ సమయం ఏ ప్రాంతపు గడియారం ప్రకారమో చూసుకోండి. మన హైదరాబాద్ సమయం యూటీసీకి 5:30 గంటలు ముందుంటుంది.

అభ్యాసం: మీ యంత్రంలోని ప్రతి పార్టిషన్‌కూ ఇనిషియల్, రిజర్వ్‌డ్, వెయిట్, క్యాపింగ్ ఒక పట్టికలో రాయండి. సీపీలకు వేరుగా, జిప్‌లకు వేరుగా. తర్వాత యంత్రం 504 నుంచి 507కు వెళితే ఏ పార్టిషన్‌కు ఎన్ని ప్రాసెసర్లు నిజంగా అందుతాయో, హెచ్‌ఎంసీ ముట్టుకోకుండా, కాగితం మీదే తేల్చండి. సీబీయూ పాఠంలో ఈ పట్టిక మీ పక్కనే ఉండాలి.