1,84,71,852: పెద్ద సంఖ్యను కాగితం మీదే విప్పడం ఎలా

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆ రెండు సంవత్సరాల్నీ పక్కపక్కన రాస్తే 1,84,71,852. మన గోదావరి జిల్లాల్లో పోటీ పరీక్షలకి చదివే పిల్లలు ఇంత సంఖ్యని ప్రధాన కారణాంకాలుగా విడగొట్టమనగానే టెన్షన్ పడిపోయి, 2 నుంచి వరసపెట్టి భాగించుకుంటూ పోతారు. అలా వద్దండి. ముందు అంకెల్ని చూడండి, సగం పని అక్కడే తేలిపోతుంది.

చివరి రెండంకెలు 52, కాబట్టి ఇందులో 4 పోతుంది, అంటే శేషం లేకుండా భాగిస్తుంది. చివరి మూడు 852, అందులో 8 పోదు. అంటే 2 రెండుసార్లే ఉంది. అంకెలన్నీ కూడితే 36, కాబట్టి 9 కూడా పోతుంది. 4, 9 కలిపి ఒకేసారి 36తో భాగించేయండి, 5,13,107 మిగులుతుంది. దీని అంకెల మొత్తం 17 గనక ఇక 3 జోలికి వెళ్లక్కర్లేదు, చివర 7 ఉంది గనక 5 గొడవా లేదు.

తర్వాతి చిట్కా నాకు చాలా ఇష్టం. 7, 11, 13 గుణిస్తే 1001 వస్తుంది కదా, అందుకే ఏ సంఖ్యనైనా కుడి నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టి ఒక ముక్క తీసేస్తూ, ఒక ముక్క కలుపుతూ పోతే ఆ మూడింటి సంగతీ ఒక్క దెబ్బకి తెలిసిపోతుంది. 852 − 471 + 18 = 399. ఇందులో 7 పోతుంది, 11, 13 పోవు. 5,13,107ని 7తో భాగిస్తే 73,301. మళ్లీ 301 − 73 = 228, అంటే రెండో 7 లేదు. 17, 19 కుదరవు. 23 కుదురుతుంది, 3,187 వస్తుంది.

అసలు కిటుకు ఇక్కడుంది. మొదటి సంఖ్యను కదపకుండా వెతికితే దాని వర్గమూలం, అంటే 4297 దాకా ప్రధాన సంఖ్యలన్నీ చూడాలి. కారణాంకం దొరికినప్పుడల్లా భాగించుకుంటూ వచ్చాం కాబట్టి ఇప్పుడు 3187 వర్గమూలం 56 దాకా చూస్తే చాలు. 23కి ముందువి ఎలాగూ అయిపోయాయి. మిగిలినవి 23, 29, 31, 37, 41, 43, 47, 53. శేషాలు వరసగా 13, 26, 25, 5, 30, 5, 38, 7. ఎక్కడా సున్నా లేదు, 3187 ప్రధాన సంఖ్యే.

1,84,71,852 = 2² × 3² × 7 × 23 × 3187

ఇంత రాశాక మిగతావన్నీ తేలికే. ఘాతాలకి ఒక్కోటి కలిపి గుణిస్తే 3×3×2×2×2, మొత్తం 72 కారణాంకాలు. చివర 2 ఉన్న సంఖ్య వర్గం కాలేదు, 7, 23, 3187 జతలేకుండా ఉండటం కూడా అదే చెబుతోంది. వర్గం చేయాలంటే ఆ మూడింటి లబ్ధం 5,13,107తో గుణించాలి.

ఇంకోటి, ఈ సంఖ్య తన అంకెల మొత్తం 36తో శేషం లేకుండా పోతోంది. ఇలాంటివాటికి హర్షద్ సంఖ్యలని పేరు పెట్టింది కాప్రేకర్. నాసిక్ దగ్గర దేవ్‌లాలీలో బడి పంతులాయన. మన గోదావరి పుట్టే త్ర్యంబకం కూడా ఆ నాసిక్ దగ్గరే, పిల్లలకి ఈ ముక్క తప్పకుండా చెప్పండి.

ఇప్పుడు సంవత్సరాల్ని తిరగేసి 1,85,21,847 మీరు చేయండి. అంకెలు అవే గనక 9 పోతుంది, కానీ బేసి సంఖ్య, 36 పోదు, హర్షద్ కాదు. 847 − 521 + 18 = 344, కాబట్టి 7, 11, 13 లేవు. 9 తీసేశాక 20,57,983 మిగులుతుంది, వర్గమూలం 1434 దాకా ఉంది. 17 నుంచి మొదలుపెట్టండి.